నమ్మకమా, నిజమా? చేలోనే తేల్చుకొందాం



ఈ ప్రసంగంలో నేను ఒక విత్తనాన్ని గురించి గాని, ఒక ఎరువును గురించి గాని, ఒక పురుగును గురించి గాని చెప్పబోవడం లేదు. వీటన్నిటిని గురించి మనం వినే మాటలలో ఏది నిజం, ఏది ఉత్త నమ్మకం అని విడదీసుకొనే పద్ధతిని మీకు మనవి చేస్తాను. ఇది పండితులు కూర్చొని తర్కించుకొనే సంగతి, మనకెందుకు అనుకోకండి. పండితుడు పొరబడితే వాదంలో ఓడిపోతాడు, అంతే. రైతు పొరబడితే ఒక కారు పంట పోతుంది, పెట్టిన పెట్టుబడి అప్పుగా మిగులుతుంది. కనుక నిజమేదో తేల్చుకోవలసిన అవసరం రైతుకే ఎక్కువ.

మన చెవిన రోజూ ఎన్ని మాటలు పడుతున్నాయో ఒకసారి తలచుకోండి. నాటిన వారానికి ఈ గుళికలు చల్లకపోతే పైరు లేవదంటారు. ఆకుముడత కనిపించిన రోజే మందు కొట్టాలంటారు. మినుము వేసిన చేలో మరుసటి పంట బాగా వస్తుందంటారు. చంద్రుడి చుట్టూ దూరంగా గుడి కడితే వాన దగ్గరలో ఉన్నట్లేనంటారు. కొబ్బరికాయ నిలబడిన చోట బోరు వేస్తే నీళ్లు పడతాయంటారు. వీటిలో నిజాలున్నాయి, సగం నిజాలున్నాయి, నిజం కానివీ ఉన్నాయి. చెప్పేవారు మాత్రం అన్నిటినీ ఒకే ధీమాతో చెపుతారు. కళ్లంలో గట్టి గింజా, తాలూ కలిసి ఉన్నట్లే ఇవీ కలిసి ఉంటాయి. తూర్పారబడితే తప్ప ఏది ఏదో తెలియదు.

నమ్మకం చెడ్డదని నేను అనడం లేదు. ప్రతి పనినీ పరీక్షించి చేయాలంటే ఎవరి సేద్యమూ సాగదు. తండ్రి చెప్పినవీ, పొరుగు రైతు చేసినవీ చూచి, నమ్మి, చాలా పనులు చేస్తాం. అది సహజమే. కాని ఒక నమ్మకం మీద ఎంత సొమ్ము పెడుతున్నామో చూచుకోవాలి. ఖర్చు లేని నమ్మకం ఒకటి ఇంట్లో ఉన్నా ఫరవాలేదు. ఏటేటా యెకరానికి వేలకు వేలు ఖర్చు పెట్టించే నమ్మకాన్ని మాత్రం రుజువు అడగవలసిందే.

అసలు నమ్మకానికి నిజం రంగు ఎలా అబ్బుతుంది? ముఖ్యంగా మూడు దారుల్లో అబ్బుతుంది. ఒకటి, చెప్పినవాడు పెద్దవాడు కావడం. రెండు, ఒక పని చేసిన వెనుకనే మరొకటి జరగడం. మూడు, కలిసివచ్చినవి గుర్తుండి, కలిసిరానివి మరచిపోవడం. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండవ దానితో మొదలుపెడతాను, ఎందుకంటే మన చేలలో ఎక్కువ సొమ్ము పోయేది ఈ దారినే. వరి నాటిన కొత్తలో పైరు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. నారుమడిలో పీకినప్పుడు వేళ్లు తెగిపోతాయి. అందుచేత నాటిన మొదటి వారం, పది రోజులు మొక్క వాడి, పసుపు తిరిగి కనిపిస్తుంది. తర్వాత కొత్త వేరు పుట్టగానే తనంతట తానే పచ్చబడి పిలకలు తొడుగుతుంది. ఆ పసుపు చూచి కంగారుపడి, అయిదో రోజునో ఆరో రోజునో ఒక మందు తెచ్చి చల్లామనుకోండి. మరో అయిదు రోజులకు పైరు పచ్చబడింది. అప్పుడు మనం ఏమంటాం? "మందు బ్రహ్మాండంగా పనిచేసింది" అంటాం. పొరుగువానికీ చెపుతాం. వాడూ తెచ్చి చల్లుతాడు, వాడి చేనూ పచ్చబడుతుంది. ఊరంతా సాక్ష్యం చెపుతుంది. ఎవరూ అబద్ధమాడలేదు, అందరూ కళ్లతో చూచిందే చెప్పారు. అయినా మందు పనిచేసిందా లేదా అన్నది ఇంకా తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఒక్కటే. చల్లకపోతే ఏమయ్యేదో ఎవరూ చూడలేదు. నా మాటలలో మీరు జ్ఞాపకం ఉంచుకోవలసింది ఈ ఒక్క ప్రశ్నే: "ఇది చేయకపోతే ఏమయ్యేది?" ఎవరు ఏ మందు మెచ్చుకొన్నా, ఏ ఎరువు మెచ్చుకొన్నా, ఈ ప్రశ్న అడగండి. దానికి జవాబు మాటలతో దొరకదు. చేలో ఒక ముక్కను చేయకుండా వదలిపెడితే దొరుకుతుంది. ఆ వదలిన ముక్కను పోలిక చెక్క అందాం.

పోలిక చెక్క ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. మొదటి దారి, అంటే పెద్దవాడు చెప్పాడు గనుక నిజమనుకోవడం, అది కూడా ఈ కథలోనే తేలుతుంది. 1840 ప్రాంతంలో యూస్టస్ లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఉండేవాడు. రసాయన శాస్త్రంలో ఆ కాలాన ఆయనకు మించిన పేరు లేదనవచ్చు. పైరుకు కావలసిన నత్రజని గాలి నుంచి, వాన నుంచి సరిపడా అందుతుందనీ, నేలకు ఖనిజ లవణాలు వేస్తే చాలుననీ ఆయన వాదించాడు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే ఊళ్లో సేద్యం చేయించే జాన్ బెన్నెట్ లాస్ అనే భూస్వామి, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి తోడు తీసికొని, 1843లో బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలాన్ని చెక్కలుగా విడదీశాడు. ఒక చెక్కకు పశువుల ఎరువు, ఒక చెక్కకు లవణాలు మాత్రమే, మరికొన్నిటికి లవణాలతోపాటు నత్రజని ఎరువు వేశారు. ఒక చెక్కకు ఏమీ వేయలేదు.

ఫలితం ఏమిటి? లవణాలు మాత్రమే వేసిన చెక్క, ఏమీ వేయని చెక్క కంటె కొద్దిగానే ఎక్కువ పండింది. నత్రజని కూడా వేసిన చెక్కలు బాగా పండాయి. లవణాలూ నత్రజనీ తగినంత వేసిన చెక్కలు పశువుల ఎరువు వేసిన చెక్కతో దీటుగా నిలిచాయి. లీబిగ్ వంటి మహానుభావుని మాటకు ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పింది ఆ ఏమీ వేయని చెక్కే. అది లేకపోతే ఎవరి మాట ఎంతవరకు నిజమో కొలిచే కొలబద్దే ఉండేది కాదు. ఆ చెక్కకు 1843 నుంచి ఈనాటివరకు ఏ ఎరువూ వేయలేదు. దాని దిగుబడి తక్కువే, హెక్టారుకు ఒక టన్ను ప్రాంతం. అయినా మిగిలిన చెక్కలన్నిటికీ విలువ కట్టేది అదే.

అయితే పరీక్ష పెట్టినవారి మాటను కూడా గుడ్డిగా నమ్మకూడదని చెప్పే కథ కూడా ఆ ఊళ్లోనే జరిగింది. పప్పు జాతి పైరు వేస్తే నేల బలపడుతుందని మన పెద్దలకే కాదు, అనేక దేశాల రైతులకు అనాదిగా ఉన్న నమ్మకం. లాస్, గిల్బర్ట్‌లు 1857లో దీనిని పరీక్షకు పెట్టారు. బయటి నత్రజని కలవకూడదని మట్టిని బాగా కాల్చి, గాజు పాత్రల కింద మొక్కలు పెంచి చూచారు. ఏ మొక్కా గాలిలోని నత్రజనిని తీసుకోలేదని వారి లెక్కలో తేలింది. పరీక్ష ఎంతో శ్రద్ధగా చేశారు. అయినా రైతుల నమ్మకమే నిజమని 1886లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్ వెల్లడించాడు. ఆయన, విల్‌ఫార్త్ కలిసి చేసిన పరిశోధనలో తేలిందేమంటే, పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. మట్టిని కాల్చినప్పుడు ఆ సూక్ష్మజీవులే చచ్చిపోయాయి. ఇక నత్రజనిని పట్టేదెవరు?

ఈ కథలో మనకు రెండు పాఠాలున్నాయి. పెద్దల మాట పాతది కనుక తప్పు అనకూడదు. పాతది కనుక ఒప్పు అని కూడా అనకూడదు. పరీక్షలో ఏదైనా విడిచిపెట్టామా, మన చేలోని పరిస్థితే అక్కడా ఉందా అని కూడా చూచుకోవాలి. ఈ నమ్మకాన్ని మీరు మీ చేలోనే చూడవచ్చు. మినుము గాని, పెసర గాని, జీలుగ గాని పూతకు వచ్చే ముందు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీయండి, పీకితే బుడిపెలు తెగిపోతాయి. వేరు కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుగా ఉంటే అది పని చేస్తున్నట్లు. తెల్లగా, బూడిద రంగుగా ఉంటే పని చేయనట్లు. ఇంకొక సంగతి. గింజ కోసుకొని, కట్టె కూడా పశువులకు వేసినట్లయితే నేలకు మిగిలేది కొద్దిగానే ఉంటుంది. జీలుగ, జనుము పూతదశలో నేలలో కలియదున్నితే మిగిలేది ఎక్కువ. అంటే నమ్మకం నిజమే, కాని దానికొక కొలత ఉంది. ఆ కొలత తెలిస్తేనే యూరియా ఎంత తగ్గించాలో తెలుస్తుంది.

ఇక పోలిక చెక్క ఎలా పెట్టుకోవాలో చెపుతాను. పెద్ద విద్య అవసరం లేదు. తూనిక, తాడు, నోటు పుస్తకం ఉంటే చాలు.

మొదటిది. పరీక్షించదలచిన మందునో ఎరువునో వేసే చెక్క, వేయని చెక్క ఒకే మడిలో పక్కపక్కనే ఉండాలి. ఎరువుల విషయమైతే నీటితో పాటు కొట్టుకుపోకుండా మధ్యన చిన్న గట్టు వేయాలి. విత్తనం, నాటిన రోజు, నీరు, కలుపు తీత, అన్నీ రెండింటికీ ఒకటే. తేడా ఒక్కదానిలోనే ఉండాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

రెండవది. ఏ చెక్కకు వేయాలి, ఏ చెక్కకు మానాలి అనేది మీరు ఎంచకండి. చీటీ వేయండి, లేదా నాణెం ఎగరవేయండి. మన చెయ్యి మనకు తెలియకుండానే మంచి చెక్క వైపు పోతుంది. నీరు వచ్చే మడవ దగ్గర ఒక తీరు, చివర ఒక తీరు, చెట్టు నీడన ఇంకొక తీరు ఉంటుంది. ఈ చీటీ పద్ధతిని వ్యవసాయ పరిశోధనలో స్థిరపరచినవాడు రోనాల్డ్ ఫిషర్. ఆయన 1919లో అదే రోథామ్‌స్టెడ్‌లో పనికి చేరాడు. మన దేశంలోనూ దిగుబడి అంచనాకు, పంటల బీమాకు చేసే పంట కోత ప్రయోగాలలో చేనును ఇష్టం వచ్చినట్లు ఎంచకుండా చీటీ వంటి పద్ధతితోనే ఎంచాలని నియమం పెట్టింది ఇందుకే.

మూడవది. ఒక్క జతతో తృప్తిపడకండి. కనీసం మూడు చోట్ల, మూడు జతలు పెట్టండి. వీలైతే ముగ్గురు రైతులు కలిసి తలా ఒకటి పెట్టుకోండి. ఒకచోట గెలిచి రెండుచోట్ల ఓడితే అది గెలుపు కాదు.

నాలుగవది. కంటితో చూచి తేల్చకండి, తూచి తేల్చండి. పైరు నల్లగా, ఏపుగా కనిపించినంత మాత్రాన గింజ ఎక్కువ ఉందని కాదు. గట్ల పక్కన వదలి, ప్రతి చెక్క మధ్యలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడుతో కొలిచి కోయండి. విడివిడిగా నూర్చి, ఒకే విధంగా ఆరబెట్టి తూచండి. ఆ కిలోలను 162తో హెచ్చవేస్తే యెకరం దిగుబడి వస్తుంది. 15 కిలోలు వస్తే యెకరానికి 2,430 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు ముప్పైరెండు పైచిలుకు. తూచేవారికి ఏ మూట ఏ చెక్కదో చెప్పకుండా ఉంటే ఇంకా మంచిది.

అయిదవది. ఎంత తేడా వస్తే నమ్ముతారో ముందే పుస్తకంలో రాసిపెట్టుకోండి. మందుకయ్యే ఖర్చు ఒక బస్తా వడ్ల ధర అనుకోండి. అప్పుడు బస్తాకు మించిన తేడా వస్తేనే లాభం. 25 చదరపు మీటర్లలో ఆ తేడా సుమారు అర కిలో మాత్రమే. ఇక్కడొక చిక్కుంది. ఏ తేడా చేయని రెండు చెక్కలను కోసి తూచినా అవి సమానంగా ఉండవు; అర కిలో అటూ ఇటూ రావడం మామూలే. నమ్మకం లేకపోతే ఒకసారి అలా తూచి చూడండి. అందుకే మూడు జతలు పెట్టమన్నాను. మూడింటిలోనూ తేడా ఒకవైపే మొగ్గితే లెక్కలోకి తీసుకోండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు మొగ్గితే అది మందు మహిమ కాదు, చేను మహిమ.

ఇలా రైతులు తమంతట తాము పరీక్షించి ఒక పెద్ద నమ్మకాన్ని వదలుకొన్న ఉదాహరణ మన ఆసియా ఖండంలోనే ఉంది. వియత్నాం దేశంలో మెకాంగ్ నది డెల్టాలో వరి రైతులు, పైరు చిన్నదిగా ఉన్నప్పుడే ఆకులు తినే పురుగులకు మందులు కొట్టేవారు. ఆకు పోతే గింజ పోతుందని వారి నమ్మకం. చూడబోతే సబబుగానే ఉంది. కాని వరి మొక్క లేత వయస్సులో కొన్ని ఆకులు పోయినా కొత్త ఆకులు, కొత్త పిలకలు వేసి ఆ నష్టాన్ని పూడ్చుకొంటుందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ సంగతి ఉపన్యాసాలు చెప్పి ఒప్పించడానికి ప్రయత్నించలేదు. "మీ చేలో ఒక చిన్న భాగాన్ని విత్తిన 40 రోజుల వరకు మందు కొట్టకుండా వదలండి, మిగిలిన చేను మీ ఇష్టం, కోతనాడు రెండూ పోల్చి చూడండి" అన్నారు. 1994లో లాంగ్ ఆన్ రాష్ట్రంలో ఇదే మాటను రేడియోలో చిన్న హాస్య నాటికలుగా, గోడ పత్రికలుగా, కరపత్రాలుగా ఊరూరా చేర్చారు. రైతులు చేసి చూచారు. దిగుబడి తగ్గలేదు. రెండు మూడు సంవత్సరాలలో అక్కడ పిచికారీల సంఖ్య దాదాపు సగానికి దిగింది. వారిని ఒప్పించింది శాస్త్రజ్ఞుని పేరు కాదు, వారి చేతిలోని తూనిక.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మాట లేత పైరులో ఆకు తినే పురుగులకే గాని, అన్ని పురుగులకూ వర్తించదు. కాండం తొలుచు పురుగు, ఉల్లికోడు, సుడిదోమ వేరు. వాటిని దుబ్బు దుబ్బుకూ చూచి, లెక్కపెట్టి, మీ ప్రాంతపు పరిశోధనా కేంద్రం చెప్పిన హద్దు దాటితే తప్పక చర్య తీసుకోవాలి. అయితే అక్కడా "ఎంత ఎక్కువ కొడితే అంత రక్షణ" అనుకోవడం నమ్మకమే. విచ్చలవిడిగా కొట్టిన మందులకు దోమను తినే సాలెపురుగులు, మిత్ర పురుగులు ముందు చస్తాయి, తర్వాత దోమ రెట్టింపు బలంతో లేస్తుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది ఈ కారణంగానే.

ఇప్పుడు మూడవ దారికి వస్తాను. కలిసివచ్చినవి గుర్తుండడం, కలిసిరానివి మరచిపోవడం. చంద్రుడి గుడిని తీసుకోండి. దూరపు గుడి అంటే చాలా ఎత్తున పలచగా పరచుకొన్న మబ్బులోని మంచు పలుకుల గుండా వెన్నెల వంగి రావడం వలన ఏర్పడే వలయం. వానలు తెచ్చే వాయుగుండాలకు ముందు అటువంటి మబ్బు కొన్నిసార్లు వస్తుంది. కనుక పెద్దల మాట గాలిలోనుంచి పుట్టింది కాదు. కాని వాన తేని మబ్బు కూడా అలాగే గుడి కడుతుంది. ఎన్నిసార్లు నిజమైంది? తెలియాలంటే పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. గుడి కట్టి రెండు రోజుల్లో వాన వచ్చినవి ఒక గడిలో, గుడి కట్టినా రానివి రెండో గడిలో, గుడి కట్టకుండా వాన వచ్చినవి మూడో గడిలో, గుడీ లేక వానా లేనివి నాలుగో గడిలో రాయండి. మన జ్ఞాపకం మొదటి గడిని ఒక్కదాన్నే దాచుకొంటుంది. నిజం నాలుగు గళ్లలోనూ కలిసి ఉంటుంది. రెండు మూడు వానకాలాలు రాస్తే గుడి మాట మీద విత్తనం వేయవచ్చా, వద్దా అన్నది మీకే తెలుస్తుంది. ఈలోపల విత్తుకు వాతావరణ శాఖ సూచనను, నేలలో పదును ఎంత దిగిందన్నదాన్ని నమ్ముకోవడం క్షేమం.

ఇదే మాట బోర్ల విషయంలో ప్రాణం మీదికి వస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలు మనకు తెలియనివి కావు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొనో, వేప పంగలకర్ర పట్టుకొనో నీళ్లు చూసేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది మోసగాళ్లు కారు, తమ విద్యను తాము నిజంగా నమ్మినవారే. చేతిలోని కండరాలు మనకు తెలియకుండానే కదులుతాయి, ఆ కదలికకు కాయ లేస్తుంది, కర్ర వంగుతుంది. నీళ్లు పడిన బోరును ఊరంతా పదేళ్లు చెప్పుకొంటుంది. ఎండిన బోరును వేయించినవాడు తప్ప ఎవరూ తలవరు.

ఖర్చు లేకుండా ఈ విద్యను పరీక్షించవచ్చు. ఆయనను గౌరవంగానే పిలిచి, నాలుగెకరాలలో నీళ్లున్నాయని చెప్పిన చోట్లన్నిటా నేలకు సమంగా మేకులు దిగగొట్టండి. తర్వాత కళ్లకు కండువా కట్టి, వేరే దారిన తీసుకొనివచ్చి, మళ్లీ చూడమనండి. నీళ్లు భూమిలోనే ఉన్నాయి, కాయ చేతిలోనే ఉంది, మారింది కళ్లు మూసుకోవడం ఒక్కటే. మళ్లీ అవే మేకుల దగ్గర కాయ నిలిస్తే ఆలోచించవలసిందే. వేరే చోట్ల నిలిస్తే కాయకు నీళ్ల జాడ తెలియదన్నమాట. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 1988లలో ఇటువంటి పరీక్షే పెద్ద ఎత్తున చేశారు. రెండంతస్తుల కొట్టంలో కింది అంతస్తున నీళ్ల గొట్టాన్ని ప్రతిసారీ చోటు మార్చి పెట్టారు. పై అంతస్తు నుంచి దాని చోటు చెప్పమన్నారు. 500 మందికి పైగా నీళ్లు చూసేవారిలో ఏరిన 43 మంది, 843 సార్లు ప్రయత్నించారు. కొందరికి శక్తి ఉందని మొదట చేసినవారు అన్నారు. కాని ఆ లెక్కలనే జేమ్స్ ఎన్‌రైట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు మళ్లీ పరిశీలించగా, అది గుడ్డిగా ఊహించినదానికంటె మెరుగు కాదనీ, ఒకసారి బాగా చెప్పినవారు మరోసారి నిలబెట్టుకోలేకపోయారనీ తేలింది.

మన రాతి నేలల్లో నీరు పైనున్న మెత్తబడిన రాతిపొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ ఉంటుంది. భూగర్భజల శాస్త్రజ్ఞులు నేలలోకి విద్యుత్తు పంపి చేసే పరీక్ష కూడా "ఇక్కడ అవకాశం ఎక్కువ" అని మాత్రమే చెప్పగలదు, ఖాయమని చెప్పదు. నిజం చెప్పేవాడు తన మాటకు హద్దు ఎంతవరకో కూడా చెపుతాడు. ఏ హద్దూ లేకుండా "తప్పకుండా పడతాయి" అనేవాని దగ్గర జాగ్రత్తగా ఉండండి. మందు అమ్మేవాని విషయంలోనూ ఇదే గుర్తు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ప్రదర్శన క్షేత్రం అనగానే ఊళ్లో మంచి రైతును, మంచి నేలను ఎంచి, విత్తనం, ఎరువు ఉచితంగా ఇచ్చి, వారం వారం వెళ్లి చూస్తాం. పంట బాగా వస్తుంది. ఆ గొప్ప కొత్త విత్తనానిదా, మంచి నేలదా, ఎక్కువ ఎరువుదా, ఎక్కువ శ్రద్ధదా? రైతులు అక్కడ తల ఊపి, ఇంటికి వచ్చి పాత పద్ధతే చేస్తే, అది వారి మూర్ఖత్వం కాదు. ఆ ప్రశ్నకు వారికి జవాబు దొరకలేదన్నమాట. కనుక ప్రతి ప్రదర్శన క్షేత్రం పక్కనే అదే రైతు, అదే శ్రద్ధతో పాత విత్తనం వేసిన చెక్క ఉండాలి. కోతనాడు రైతుల చేతనే తూయించండి. కొత్తది ఓడితే ఆ సంగతి కూడా అలాగే రాసి పైకి పంపండి. రాష్ట్రమంతటికీ చేసే సిఫారసు పలుచోట్ల చేసిన పరీక్షల మొత్తం మీద తేలిన మాట. మీ ఊరి చౌడు నేలలో అది ఎలా ఉంటుందో చెప్పవలసింది మీ ఊరే. ఓటమిని దాచిన కార్యకర్త మాటను రైతు మరుసటి ఏడు నమ్మడు.

పరీక్షకు కూడా హద్దులున్నాయి. ఒక ఏడు వాన బాగుండి గెలిచింది, మరో ఏడు వాన లేక ఓడవచ్చు. మీ నేలలో తేలింది పక్క మండలంలోని ఇసుక నేలకు చెల్లకపోవచ్చు. కనుక ఒక్క పంటతో శపథాలు చేయకండి, రెండు మూడు పంటలు చూడండి. నిజమంటే ఎప్పటికీ మారని శిలాశాసనం కాదు. ఓడిపోయేందుకు సరియైన అవకాశం ఇచ్చినా ఓడని మాటను, ప్రస్తుతానికి నిజమని పట్టుకొంటాం. రేపు ఇంతకంటె మంచి పరీక్షలో ఓడితే విడిచిపెడతాం. అలా ఓడే అవకాశం ఇవ్వడానికి మనం ఒప్పుకోని మాట ఏదైనా ఉంటే, అది ఎంత ఇష్టమైనదైనా నమ్మకమే.

ఈ పంటకాలానికి మీరు చేయవలసినవి మూడే పనులు. విత్తే ముందు, కొన్న విత్తనమైనా ఇంటి విత్తనమైనా, ఏరకుండా వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో కట్టి మొలక చూడండి. వరిలో ధ్రువీకరించిన విత్తనానికి నూటికి 80 మొలవాలన్నది నియమం. సంచి మీది అచ్చును నమ్మడానికీ, మొలకలు లెక్కపెట్టడానికీ ఉన్న తేడాయే మనం ఇంతసేపూ చెప్పుకొన్నది. రెండవ పని, మీరు అన్నిటికంటె ఎక్కువ ఖర్చు పెడుతున్న ఒక్క అలవాటును ఎంచి, దానికి మూడు పోలిక చెక్కలు వదలండి. చేనంతటితో సాహసం చేయనక్కరలేదు, నాలుగు సెంట్లు చాలు. మూడవ పని, ఒక నోటు పుస్తకం పెట్టి తేదీతో సహా రాయండి. రాయడం రానివారు బడికి పోయే పిల్లల చేత రాయించండి. ఆ పిల్లలు రేపు ఆ చేలోనే సేద్యం చేసినా, మరో పనిలో కుదిరినా, విన్నది వేరు, తూచింది వేరు అనే తెలివి వారి వెంట ఉంటుంది.

ఎవరైనా వచ్చి మీకు ఒక మాట చెపితే మొగం మీద కాదనవద్దు, వెంటనే అవుననీ అనవద్దు. "సరే నాయనా, మూడు చెక్కల్లో చేసి చూస్తాను, మూడు చెక్కల్లో మానివేసి చూస్తాను, కోత అయిన తర్వాత రా" అనండి. నిజం చెప్పినవాడు కోతనాటికి తప్పక వస్తాడు.